దీనమ్మ ముందుగదిలో చలి

దీనమ్మక్కను నేను మొదటిసారి చూసినప్పుడు ఆవిడ మంచును చీపురుతో ఊడుస్తోంది. అమెరికా చీపురు కూడా కాదు, ఇండియా నుంచి పెట్టెలో అడ్డంగా పెట్టుకుని తెచ్చుకున్న కొబ్బరి ఈనెల చీపురు. మంచేమో పిక్కల దాకా ఉంది. ఒంటిమీద మగవాళ్ళ ఓవర్‌కోటు, తలకు ఉన్ని శాలువా, కింద చీర కుచ్చిళ్ళు తడిసి ముద్దయి ఈడుస్తున్నాయి. ఐసెలిన్ అనే ఈ ఊళ్ళో మావి పక్కపక్క ఇళ్ళు, మా పెరడూ ఆవిడ పెరడూ ఒకే కంచెకు చెరోవైపు ఉంటాయి. మేం ఆ ఇంట్లో దిగి నెల కూడా కాలేదు. వెనక గుమ్మం నుంచి చెత్తడబ్బా దాకా దారి చేసుకుందామని ఆవిడ తంటాలు పడుతోంది. నాకు ఒళ్ళు మండింది. అలాంటివి చూసి ఊరుకోవడం నాకు చేతకాదు.

"ఏమండీ, మీకేమైనా మతి పోయిందా? మంచును చీపురుతో ఊడుస్తారా ఎవరైనా? ఇంట్లో మంచెత్తే షవల్ లేదా?" అని కంచె ఇవతల నుంచి కేకేశాను. ఆవిడ తెలుగావిడని నాకప్పటికి తెలియదు. ఆ చీపురు చూసేసరికి నోటికి తెలుగే వచ్చింది.

ఆవిడ నడుం నిటారు చేసి నా వైపు చూసింది. "షవల్ ఉందమ్మా. అది ఆయన పట్టుకునేవారు" అంది.

ఇంట్లోకి వెళ్ళి, పేపరు చదువుకుంటున్న మూర్తిగారిని, అంటే మా ఆయన్ని, బూట్లు వేయించి మరీ ఆ పెరట్లోకి తోలాను. ఆదివారం పూట ఆయన మొహం చూడాలి.

ఆవిడ సంగతి ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే నాకు కోపం వచ్చి రాస్తున్నాను. మొన్న ఎవరో వాళ్ళ తెలుగు చర్చి పదేళ్ళ సావనీర్ నా చేతిలో పెట్టారు. రంగుల అట్ట, కమిటీ సభ్యుల ఫోటోలు, అన్నీ ఉన్నాయి. లోపల ఒకచోట, తొలి కూటాలు 'ఒక సహోదరి గృహములో' జరిగాయని ఒక్క వాక్యం ఉంది. పేరైనా వేయలేదు. సహోదరి గృహమట! ఆ గృహంలో వాళ్ళంతా ఎన్ని ఇడ్లీలు తిన్నారో నాకు తెలుసు.

దీనమ్మక్కది బాపట్ల పక్క ఊరు. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, నర్సులు కావాలని అమెరికా వాళ్ళు పిలిచిన రోజుల్లో ఇక్కడికి వచ్చింది. రైలెక్కితే మూడు స్టేషన్ల అవతల ఆసుపత్రిలో ఉద్యోగం. భర్త జయరాజుగారు అదే ఆసుపత్రి లాబ్‌లో టెక్నీషియను. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరకు వినిపించేదట. పిల్లలు లేరు. డెబ్బై ఎనిమిదిలో ఇద్దరూ కలిసి ఈ పాత చెక్క ఇల్లు కొన్నారు. ముందుగది పెద్దదని కొన్నారు. అది చూడగానే జయరాజుగారు, "దీనా, ఇందులో నలభైమంది కూర్చోవచ్చు" అన్నాడట. వేరే ఎవరైనా అయితే సోఫా ఎక్కడ వేద్దామా, టీవీ ఎక్కడ పెడదామా అని చూస్తారు.

ఆ గదిలోనే ఆయన తెలుగు ప్రార్థన కూటం మొదలుపెట్టాడు. అప్పటికి వాళ్ళకు చర్చి లేదు, పాస్టరు లేడు. ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం ఎడిసన్ నుంచి, పార్సిప్పనీ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో కార్లలో వచ్చేవారు. ఏదో బడి మూసేస్తుంటే తెచ్చిన ఇనప మడత కుర్చీలు వరసగా వేసేవారు. పాటలు, వాక్యం, ప్రార్థన. ఆమెన్ అనగానే ఇడ్లీ, కారప్పొడి, వేరుశెనగ చట్నీ. మాది ఆ మతమూ కాదు, ఆ కూటంతో నాకు పనీ లేదు. ఇడ్లీతో మాత్రం ఉంది. ఆదివారం పొద్దున్నే కంచె మీదుగా ఒక డబ్బా మా ఇంటికి వచ్చేది. అలాంటి ఇడ్లీ మా అమ్మ కూడా వేయలేదు. ఈ మాట మా అమ్మ చదవదు కాబట్టి రాస్తున్నాను.

ఇల్లు కొన్న రెండేళ్ళకే జయరాజుగారు గుండెపోటుతో పోయాడు. దీనమ్మక్క కారు అమ్మేసింది. ఆవిడకు డ్రైవింగ్ రాదు. నేర్పుతానని నేనెంత పోరినా, "నాకు కాళ్ళు వణుకుతాయి పద్మినీ" అనేది. రాత్రి డ్యూటీలో ప్రాణాలు పోయే మనుషుల చేతులు పట్టుకు కూర్చునే మనిషికి స్టీరింగ్ అంటే భయం! ఉద్యోగానికి రైలు, కూరలకు నా కారు, మిగతా లోకమంతా ఆ నెలకొక శనివారం. ఆ రోజు లోకమే నడిచి ఆవిడ ఇంటికి వచ్చేది. మిగతా రోజుల్లో ముందుగది తలుపు వేసే ఉండేది. ఒక్క మనిషికి వంటగదీ పడకగదీ చాలు కదా.

ఆ ఇంటికి ఆవిరి హీటింగు. బేస్‌మెంట్‌లో ఆయిలుతో మండే బాయిలరు ఉంటుంది. అందులో నీళ్ళు మరిగి, ఆవిరి ఇనప గొట్టాల్లోంచి గది గదికీ వెళ్ళి, కిటికీల కింద నిలబెట్టిన రేడియేటర్లను, అంటే వరసగా బిగించిన ఇనప పలకలను, వేడెక్కిస్తుంది. వేడెక్కేటప్పుడు ఆ గొట్టాలు ఠంగు ఠంగుమని కొట్టుకుంటాయి. ఆయన పోయిన మొదటి చలికాలం ఆ చప్పుడుకు ఎవరో తలుపు కొడుతున్నారని లేచి వెళ్ళి తలుపు తీసేదాన్నని ఒకసారి నాతో అంది. "ఎన్నిసార్లు మోసపోయినా మళ్ళీ లేచేదాన్ని. నిజంగా ఎవరైనా వస్తే బయట నిలబెట్టినట్టు అవుతుందని" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఎనభై మూడు నవంబరు కూటంలో ముందుగది గడ్డకట్టుకుపోయింది. ఇల్లంతా వేడిగానే ఉంది, ఆ ఒక్క గదిలోనే రేడియేటరు రాయిలా పడి ఉంది. నెలంతా తలుపు వేసి ఉండే గది కాబట్టి ఆవిడ ముందుగా కనిపెట్టలేదు. అందరూ కోట్లు విప్పకుండానే కూర్చున్నారట. పసిపిల్లలు ఏడుపు. నవోమి అనే ఆవిడ, పిల్లాడికి దగ్గు వస్తోందని పాట మధ్యలో లేచి వెళ్ళిపోయింది. పైగా ఆ రోజు పిండి పులవలేదు, ఇడ్లీలు గట్టిగా వచ్చాయి. ఆదివారం నాకు డబ్బా రాలేదు. అడిగితే, "కుక్కకు కూడా వేయలేదు పద్మినీ, పారేశాను" అంది.

ఆయిలు కంపెనీ వాడిని పిలిపించింది. వాడు మంచు బూట్లతో బేస్‌మెంట్ దాకా దిగి, బాయిలరు చూసి, బాయిలరు దివ్యంగా ఉంది, ఆ గదికి వెళ్ళే గొట్టం గోడ లోపల ఎక్కడో పూడిపోయి ఉంటుంది, గోడ పగలగొట్టి చూడాలి, అది ఎండాకాలం పని అని చెప్పి, పైన ముందుగదిలోకి రాకుండానే వెళ్ళిపోయాడు.

ఇక్కడ దేవకుమార్ సంగతి చెప్పాలి. నవోమి భర్త. జయరాజుగారి తర్వాత కూటానికి పెద్దగా ఉన్నది ఇతనే. టెలిఫోన్ల కంపెనీలో ఇంజనీరు. పార్సిప్పనీ అపార్ట్‌మెంట్ వదిలి ఆ ఏడే అక్కడే కొత్త ఇల్లు కొన్నాడు. చెడ్డవాడు కాదు. మర్యాదస్తుడు. మర్యాదస్తులతోనే వచ్చింది చిక్కు, వాళ్ళ మీద గట్టిగా అరవడానికి కూడా ఉండదు. డిసెంబరు కూటం వారంలో అతను ఫోన్ చేశాడు. నేను ఆవిడ వంటగదిలోనే ఉన్నాను. ఆ ఫోన్‌లో గొంతు గదంతా వినబడుతుంది.

"వందనాలక్కా. హీట్ సంగతి ఏమైంది?"

"చూపిస్తున్నాను తమ్ముడూ."

"పిల్లలున్నారక్కా, అందరూ వర్రీ అవుతున్నారు. ఈ సాటర్‌డే మీ ఇంట్లోనే పెట్టుకుందాం. రూమ్ వెచ్చబడిందా సరే. లేదంటే జనవరి నుంచి మా ఇంటికి మార్చుకుందాం. మీరు టెన్షన్ పెట్టుకోవద్దు."

"వెచ్చబడుతుంది తమ్ముడూ. మీరు రండి."

ఫోన్ పెట్టేసి ఆవిడ చాలాసేపు ఆ తీగ మెలికలు విప్పుతూ నిలబడింది. "పార్సిప్పనీకి పోతే నేనెలా వెళ్తాను పద్మినీ? ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళాలి. ఎన్నాళ్ళు తీసుకెళ్తారు?" అంది. ఆ తర్వాత, "ఇది ఆయన పెట్టిన కూటం. ఈ గది కోసమే ఇల్లు కొన్నారు" అంది.

ఇంటికి వెళ్ళి మూర్తిగారికి చెప్పాను. ఆయన కెమికల్ ఇంజనీరు, సోఫాలోంచి లేవకుండానే ఎంత పెద్ద సమస్యయినా తేల్చేస్తారు. "స్కేల్. ఇనప గొట్టాల్లో నీళ్ళ ఉప్పు పెచ్చులా పేరుకుంటుంది. వాల్ ఓపెన్ చేయాల్సిందే" అన్నారు. సరే, సోఫా తీర్పు కూడా అయిపోయింది.

గురువారం దీనమ్మక్కకు సెలవు. మధ్యాహ్నం కంచె దగ్గరికి వచ్చి, "పద్మినీ, ఒకసారి రా. గొట్టం ఎక్కడ పూడిందో చూద్దాం" అంది.

"మనమా? మనకేం తెలుసు?"

"నాకు మటుకు మనుషుల గొట్టాలు తెలుసు" అంది.

బేస్‌మెంట్‌లోకి దిగాం. బాయిలరు బుసబుసలాడుతోంది. కప్పు కింద పెద్ద గొట్టం, దాని నుంచి కొమ్మల్లా చిన్న గొట్టాలు పైకి పోతున్నాయి. ఆవిడ చెయ్యి తిరగేసి, జ్వరం చూసినట్టు వేళ్ళ వెనక వైపు గొట్టానికి అలా తగిలించి తీసేసింది. ఒక జానెడు జరిగి మళ్ళీ తగిలించింది. ముందుగదికి వెళ్ళే గొట్టం వెంట అలాగే పోయింది. అది కప్పులోకి దూరే చోట పాత స్టూలెక్కి అక్కడా తగిలించింది. "కాలుతోంది" అంది.

పైకి వచ్చి ముందుగది తలుపు తీశాం. లోపలి నుంచి చలి మొహం మీద కొట్టింది. గొట్టం నేలలోంచి పైకి వచ్చే చోట ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళు తగిలించి, చురుక్కుమని లాక్కుంది. రేడియేటరుకు ఒక చివర అడుగున ఉన్న మర మీద, అదే వాల్వ్ మీద, పెట్టింది, అదీ కాలుతోంది. మర దాటగానే మొదటి ఇనప పలక అంచు గోరువెచ్చగా ఉంది. ఆ తర్వాత ఇక అంతా చల్లనే.

"గొట్టం పూడలేదు" అంది.

"మరి?"

"ఆవిరి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపలికి రావడం లేదు."

మడత కుర్చీ ఒకటి లాక్కుని రేడియేటరు ఎదురుగా కూర్చుంది, ఓవర్‌కోటుతోనే. నేను చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాను. నాకు ఓపిక తక్కువ. ఆవిడకు మాత్రం మంచం పక్కన కూర్చుని కనిపెట్టుకోవడం అలవాటు.

కాసేపటికి, "గుంటూర్లో మాకు గాజు సీసాలుండేవి, సెలైన్‌వి" అంది. "సీసా తలకిందులుగా వేలాడదీస్తే ఊరికే దిగదు. ఇంకో సూది గుచ్చాలి, గాలి సూది. గాలి తిరిగితేనే నీరు కదులుతుంది. ఒక్కోసారి ఆ సూదికి ఏదో అడ్డం పడేది. సీసా నిండా మందు ఉంటుంది, గొట్టం బాగానే ఉంటుంది, పేషెంట్‌కి మాత్రం చుక్క ఎక్కదు. కొత్త పిల్లలు వచ్చి గొట్టం పట్టుకుని పిసుకుతూ ఉండేవాళ్ళు."

"అయితే?"

"ఇది ఖాళీగా ఉందనుకుంటున్నాం. ఖాళీ కాదు పద్మినీ, దీన్నిండా గాలి ఉంది. అది బయటికి పోతే కదా ఆవిరి లోపలికి వచ్చేది. పోయే దారి ఏది?"

వంటగదిలోకి వెళ్ళాం. అక్కడి రేడియేటరుకు ఆ చివర, సగం ఎత్తులో, బొటనవేలంత వెండిరంగు బుడిపె ఒకటి ఉంది. నేను ఇన్నేళ్ళుగా చూస్తూ అదేదో అలంకారం అనుకున్నాను. దాని తలమీద సూదిమొనంత రంధ్రం. దాంట్లోంచి సన్నగా ఉస్స్‌మని గాలి వస్తోంది. ఆవిడ స్టెతస్కోపు తెచ్చి ఆ ఇనప పలకల మీద పెట్టి వినడం మొదలుపెట్టింది.

"బీపీ కూడా చూడక్కా, పనిలో పని" అన్నాను.

"నోర్ముయ్" అంది ముద్దుగానే. లోపల ఆవిరి నడిచే గలగల నాకూ వినిపించింది. ముందుగదిలో అదే పని చేసింది. బుడిపె అక్కడా ఉంది, కానీ చడీచప్పుడూ లేదు. స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి మెడలో వేసుకుంది. "చచ్చిపోయినట్టుంది" అంది.

బాయిలరు ఆపి, గొట్టాలు చల్లారేదాకా టీ తాగుతూ కూర్చున్నాం. తర్వాత జయరాజుగారి పనిముట్ల పెట్టెలోంచి పట్టకారు తీసింది. బుడిపె తిప్పడం ఆవిడ వల్ల కాలేదు, నేను పళ్ళు కరుచుకుని తిప్పితే కిర్రుమని ఊడింది. ఆవిడ దాని అటు చివర నోరు పెట్టి ఊదింది. బుగ్గలు పొంగాయి గానీ గాలి పోలేదు. బుడిపె పైనంతా గోధుమరంగు పెచ్చు కట్టి ఉంది, ఆ రంధ్రం ఎక్కడుందో కూడా కనబడలేదు. గోటితో గీకితే రాలేదు. చిన్న గిన్నెలో వెనిగర్ పోసి, బుడిపె అందులో వేసి పొయ్యి మీద పెట్టింది. మరిగే కొద్దీ పెచ్చు మెత్తబడి తెల్లగా ఊడి రావడం మొదలైంది. వంటగదంతా ఒక వాసన పట్టుకుంది. పుల్లగా, కాస్త మాడుగా. ఎక్కడో తెలిసిన వాసన.

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"అక్కా, ఇది ఇడ్లీపిండి!"

ఆవిడ రెండు చేతులూ నోటిమీద పెట్టుకుంది. సంగతేమిటంటే, ఈ దేశపు చలిలో పిండి ఎక్కడ పెట్టినా పులిసి చావదు. అందుకని ప్రతి కూటం ముందు శుక్రవారం ముందుగది తలుపు తీసి, ఆ పెద్ద తపేలాను ఆ రేడియేటరు మీదే పెట్టేది. అంత తపేలా నిలిచేటంత వెడల్పు దానికే ఉంది. ఏప్రిల్ కూటానికి పిండి పొంగి పొర్లి, రేడియేటరు చివరి పలక వెంట కిందికి కారింది. ఆవిడ పైపైన తుడిచింది, బుడిపె సంగతి ఎవరికి తోస్తుంది? దాని మీద పడిన పిండి వేడికి మాడి గట్టిపడి, వేసవంతా ఎండి రాయైంది. నవంబరులో డ్యూటీకి పరుగెత్తే హడావుడిలో అది చల్లగా ఉందని చూడకుండానే తపేలా పెట్టేసి పోయింది, రేడియేటరు వేడెక్కకే ఆ నెల పిండి కూడా పులవలేదు.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. "మీ ఇడ్లీలే మీ కొంప ముంచాయి!" అన్నాను. ఆవిడ కూడా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "వాళ్ళ కోసం పెట్టిన పిండే వాళ్ళను చలికి కూర్చోబెట్టింది చూడు" అంది. ఆ తర్వాత ఇద్దరం నవ్వలేదు.

కడిగి ఊదితే గాలి సుళువుగా పోయింది. బిగించి, బాయిలరు వేశాం. ఠంగుమని గొట్టం కొట్టుకుంది. కాసేపటికి ముందుగది బుడిపె ఉస్స్‌మనడం మొదలుపెట్టింది. ఆవిడ మొదటి పలక మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. అది వేడెక్కాక రెండోదాని మీదికి, తర్వాత మూడోదాని మీదికి, అలా ఒక్కొక్క పలకే జరుగుతూ ఆ చివరి దాకా వచ్చింది. వచ్చాక నా చెయ్యి లాగి దానిమీద పెట్టింది.

"వచ్చింది పద్మినీ! ఇంక ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇక్కడే ఉంటుంది కూటం" అంది. ఆవిడ అంత సంతోషంగా ఉండటం నేను చూడటం అదే మొదలు. చిన్నపిల్లలా కుర్చీలన్నీ ఆ పూటే విప్పి తుడిచింది. శుక్రవారం తపేలా మళ్ళీ అక్కడే పెట్టింది గానీ, కింద పెద్ద పళ్ళెం పెట్టి, బుడిపెకు గుడ్డ తొడుగు కట్టింది.

శనివారం నేనూ వెళ్ళాను. దేవుడి కోసం కాదు, వాళ్ళ మొహాలు చూడటం కోసం. వెనక వరసలో తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. వచ్చిన ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుని తీసుకెళ్ళి ఆవిడ రేడియేటరు మీద పెట్టించింది. "అబ్బ, ఎంత వెచ్చగా ఉందక్కా!" అని అందరూ అన్నారు. కోట్లు విప్పి పడకగది మంచం మీద కుప్ప పోశారు. పిల్లలు స్వెటర్లు కూడా విప్పేసి పరుగులు. పాటలు బాగా పాడారు. ఇడ్లీలు దూదిలా వచ్చాయి, నవోమి రెండోసారి వేయించుకుంది. దీనమ్మక్క నా వైపు చూసి కళ్ళతోనే నవ్వింది. నేనూ గర్వంగా తల ఊపాను, ఆ బుడిపె ఊడదీసింది నేనే కదా.

ఇడ్లీలయ్యాక దేవకుమార్ కాగితం ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"అందరికీ వందనాలు. ముందుగా అక్కకి థాంక్స్ చెప్పాలి. ఇన్నేళ్ళు ఈ హోమ్ మనకోసం ఓపెన్ చేసి పెట్టారు. ప్రభువు కృపను బట్టి మా ఇంట్లో బేస్‌మెంట్ ఫినిష్ చేయించాం. కార్పెట్ కూడా అయిపోయింది. పిల్లలకు సెపరేట్ రూమ్ ఉంది, పార్కింగ్ ఉంది. కాబట్టి జనవరి నుంచి కూటం మా ఇంట్లో. అక్కకు రైడ్ ఎవరో ఒకరం అరేంజ్ చేస్తాం."

ఎవరో స్తోత్రం అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "గది వెచ్చబడింది కదండీ!" అన్నాను వెనక నుంచి.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. దేవకుమార్ నిజంగానే అయోమయంగా నన్ను చూశాడు. "అవునండీ, చాలా వెచ్చగా ఉంది. ఇది చలి గురించి కాదండీ. కన్వీనియెన్స్ కదా" అన్నాడు. అతను అబద్ధమాడటం లేదు. ఫోన్‌లో తను అన్న మాట కూడా అతనికి గుర్తులేదు. చలి అనేది చేతికి దొరికిన సాకు. అది వెచ్చబడుతుందని అతను అనుకోలేదు, వెచ్చబడినా అతనికి తేడా లేదు.

దీనమ్మక్క అతని ప్లేటు తీసి మళ్ళీ అతని చేతిలో పెట్టి, ఇంకో ఇడ్లీ వేసింది. "సంతోషం తమ్ముడూ. పిల్లలకు గది ఉంటే మంచిది" అంది.

కార్లన్నీ వెళ్ళిపోయాక గదిలో ఉక్కపోస్తోంది. ఇద్దరం కుర్చీలు మడుస్తున్నాం. నేను మడుస్తున్నాననడం కంటే విసిరేస్తున్నాననాలి. తిట్లు లంకించుకున్నాను. ఇడ్లీలు మింగి చప్పట్లు కొడతారా, సిగ్గు లేకపోతే సరి, అదీ ఇదీ. ఆవిడ కుర్చీలు మడుస్తూనే ఉంది. కాస్త వేడి తగ్గిద్దామని నేను రేడియేటరు మర మీద చెయ్యి వేస్తే, "ఉండనీ" అంది.

కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"చలి వల్లనే అనుకున్నాను పద్మినీ. గొట్టం పూడిందంటే నమ్మాను. నిజంగా గొట్టమే పూడి ఉంటే బాగుండును. గోడ పగలగొట్టించేదాన్ని."

అప్పుడు ఏడ్చింది. నేను పక్క కుర్చీలో కూర్చుని ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను.

జనవరిలో నవోమి స్వయంగా వచ్చి తీసుకెళ్ళింది. ఫిబ్రవరిలో ఎవరో కుర్రాళ్ళు వచ్చారు, గంట ఆలస్యంగా. తపేలా కారులో పట్టదన్నారు. అక్కడ నవోమి పిజ్జా తెప్పిస్తోంది, పిల్లలకు అదే ఇష్టమట. మార్చిలో ఆవిడ మంచి చీర కట్టుకుని, బైబిలూ హాండ్‌బాగూ ఒళ్ళో పెట్టుకుని ముందుగది కిటికీ దగ్గర కూర్చోవడం నేను మా మేడ మీద నుంచి చూశాను. చీకటి పడ్డాక కూడా అక్కడే ఉంది. ఒకరు తీసుకొస్తారని ఒకరు అనుకున్నారట. ఎవరి తప్పూ లేదు. మర్యాదస్తులని ముందే చెప్పాను. నేను తీసుకెళ్తానన్నాను, ఏప్రిల్‌లో తీసుకెళ్ళాను కూడా. తిరిగి వస్తుంటే దారిలో, "నీకెందుకు శ్రమ, వాళ్ళూ బాగానే ఉన్నారు" అంది. ఆ తర్వాత ఆవిడ అడగలేదు. కూటం ఉండే శనివారాలు ఆసుపత్రిలో డ్యూటీ వేయించుకుంది.

ఆ ఏడాది ఆవిడ ఇంట్లో ఇడ్లీ లేదు. ఒక్కదాని కోసం ఇడ్లీ ఎవరు వేసుకుంటారు? అన్నం, పప్పు, పెరుగు. తపేలా బేస్‌మెంట్‌లో బోర్లించి ఉంది. ముందుగది తలుపు మళ్ళీ మూసింది గానీ రేడియేటరు మర మాత్రం కట్టేయలేదు. మూర్తిగారు ఆయిలు దండగ అని ఒకసారి సలహా ఇవ్వబోతే నేను కాలు తొక్కాను.

మళ్ళీ చలికాలం వచ్చింది. డిసెంబరు మొదటి శనివారం రేపనగా, శుక్రవారం పొద్దున పెరట్లో బట్టలు తీస్తున్నాను. వెనక గుమ్మం తెరుచుకుని దీనమ్మక్క కంచె దగ్గరికి వచ్చింది. మెడ చుట్టూ శాలువా, చేతిలో మినప్పప్పు డబ్బా.

"రేపు సాయంత్రం నీకు పనేమైనా ఉందా?" అంది.

"ఏం లేదక్కా. ఎందుకు?"

"రేపు డ్యూటీ వద్దన్నాను. ముందుగదిలో కూర్చుందాం. ఇడ్లీ వేస్తాను." ఆగింది. "నువ్వు పాడనక్కర్లేదులే. నేనొక్కదాన్నే పాడుకుంటాను. ఊరికే కూర్చో."

"వస్తాను. మా ఆయన్ని ఇంట్లోనే పారేసి వస్తాను" అన్నాను.

ఆవిడ వెళ్ళబోయి ఆగింది. డబ్బా మూత తీసి లోపలికి చూసింది. మొహంలో ఒక రకమైన సిగ్గు.

"పద్మినీ, ఇద్దరికి పప్పు ఎంత నానబోయాలి? నాకు తెలీదే. ఎప్పుడూ నలభైమందికే పోశాను."

"ఒక గ్లాసు చాలక్కా."

"ఒక గ్లాసేనా?"

"ఒక గ్లాసే. అదీ ఎక్కువే."

డబ్బా మూత పెట్టింది. "ఆ తపేలాలో అది అడుగున కూడా కనబడదే" అంది.